ఘోరమైన నేరం, తొందరపడే చట్టం
(ఒక స్మారకోపన్యాసం పాఠం)



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ సీనియర్ గారిని ఈ హాల్లో చాలామంది ఎరుగుదురు. జీవితమంతా సెషన్స్ కోర్టులోనే గడిపారు. ఫీజు ఇచ్చుకోలేని ముద్దాయిల వకాల్తాలే ఎక్కువ. ఆయన దగ్గర చేరిన జూనియర్లకు ఒక నియమం ఉండేది: కేసు కట్ట చేతికి రాగానే ఛార్జిషీటు తెరవకూడదు, ముందు రిమాండ్ రిపోర్టు చదవాలి. ఛార్జిషీటు తీరిగ్గా కూర్చుని అల్లింది, రిమాండ్ రిపోర్టు హడావిడిలో రాసింది, అబద్ధమాడితే అక్కడే దొరుకుతారు అనేవారు. ఉరిశిక్ష గురించి ఇవాళ నేను చెప్పదలచుకున్నదానికి మూలం ఆ మాటే.

ఉరి భయంతో నేరాలు తగ్గుతాయా, మనిషి ప్రాణం తీసే హక్కు రాజ్యానికి ఎవరిచ్చారు అన్న వాదాలు మీరు విన్నవే. అవి పెద్ద ప్రశ్నలే కానీ వాటి జోలికి ఇవాళ వెళ్లను. నేను చెప్పేది ఒక్కటే. ఉరిశిక్షలో పొరపాటు అంటే మనం సాధారణంగా ఎప్పుడో, ఎక్కడో, వెయ్యి కేసుల్లో ఒకదానిలో జరిగే దురదృష్టం అనుకుంటాం. కాదంటాను. ఏ నేరాలకు మనం ఉరి కావాలని అడుగుతామో సరిగ్గా ఆ నేరాల దర్యాప్తులోనే తప్పు జరిగే అవకాశం ఎక్కువ. నేరం ఘోరంగా ఉన్నకొద్దీ పోలీసుల మీద ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగినకొద్దీ దొరికినవాడే దొంగ అవుతాడు. అలా దొరికినవాడికి నేరం ఘోరమైనదన్న కారణంగానే మనం ఉరి వేస్తాం.

నిఠారీ కేసు తీసుకోండి. 2006 డిసెంబరు చివర్లో ఢిల్లీ పక్కన నోయిడాలో, సెక్టార్ 31లోని ఒక బంగళా వెనక మురుగుకాలవలో పిల్లల ఎముకలు, పుర్రెలు బయటపడ్డాయి. అంతకుముందు చాలాకాలంగా నిఠారీ బస్తీలో పిల్లలు మాయమవుతూనే ఉన్నారు. కూలీనాలీ చేసుకునే తల్లిదండ్రులు స్టేషను చుట్టూ తిరిగితే పట్టించుకున్న నాథుడు లేడు. ఎముకలు దొరికాక మాత్రం దేశమంతా భగ్గుమంది. బంగళా యజమానినీ, ఆ ఇంట్లో పనిచేసే మనిషినీ పట్టుకున్నారు. పనిమనిషి మేజిస్ట్రేటు ముందు నేరం ఒప్పుకున్నాడన్నారు. ఆ ఒప్పుకోలు ఎలాంటిది? అరవై రోజులు పోలీసు కస్టడీలో ఉంచి, సరైన న్యాయసహాయం లేకుండా రాయించినది.

ఆ హత్యల్లో ఒకదానికి సంబంధించిన కేసులో 2009లో సెషన్స్ కోర్టు ఉరి వేసింది, అదే ఏడాది అలహాబాదు హైకోర్టు పనిమనిషి ఉరి ఖరారు చేసింది. 2011 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా సరేనంది. 2014లో రాష్ట్రపతి క్షమాభిక్ష నిరాకరించారు. సెప్టెంబరులో మీరట్ జైల్లో ఉరికి అంతా సిద్ధమైంది. అర్ధరాత్రి దాటాక సుప్రీంకోర్టు న్యాయమూర్తులు స్టే ఇచ్చారు. అతను నిర్దోషేమో అన్న అనుమానం వచ్చి ఇచ్చిన స్టే కాదది. ఉరి కేసుల్లో రివ్యూ పిటిషన్‌ని ముగ్గురు న్యాయమూర్తులు బహిరంగ కోర్టులో వినాలని అంతకు కొద్దిరోజుల ముందే వేరే కేసులో తీర్పు వచ్చింది. ఆ అవకాశం ఇతనికీ ఇవ్వాలన్నారు. ఇచ్చారు, విన్నారు, అక్టోబరులో కొట్టేశారు. 2015 జనవరిలో హైకోర్టు, క్షమాభిక్ష పిటిషన్ తేల్చడంలో జరిగిన ఆలస్యం కారణంగా ఉరిని యావజ్జీవంగా మార్చింది.

తర్వాత జరిగింది వినండి. 2023 అక్టోబరులో అదే హైకోర్టు మిగిలిన పన్నెండు కేసుల్లో ఆ ఒప్పుకోలును, రికవరీలను నమ్మలేమని చెప్పి అతన్ని నిర్దోషిగా వదిలింది. 2025 జూలైలో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. అదే ఏడాది నవంబరు 11న, 2011లో తానే ఉరి ఖరారు చేసిన ఆ ఒక్క కేసులోనూ క్యూరేటివ్ పిటిషన్ అనుమతించి అతన్ని విడుదల చేయమంది. పన్నెండు కేసుల్లో పనికిరాని సాక్ష్యం పదమూడో కేసులో ఎలా పనికొస్తుందన్నదే ప్రశ్న. దానికి జవాబు లేదు.

'ఆలస్యం అమృతం విషం' అంటాం. ఈ కేసులో ఆలస్యమే మనిషిని బతికించింది. 2014 సెప్టెంబరులో ఆ రాత్రి స్టే రాకపోతే 2025 నాటి తీర్పుకి అర్థమే ఉండేది కాదు. అసలు అలాంటి తీర్పు వచ్చేదే కాదు. పిటిషన్ వేయడానికి మనిషి ఉండాలి కదా. ఇంకో సంగతి కూడా మరిచిపోకండి. ఆ పిల్లలను చంపిందెవరో పంతొమ్మిదేళ్లు గడిచినా తేలలేదు. తప్పుడు మనిషిని పట్టుకుని కేసు తేల్చేశామనుకున్నప్పుడు అన్యాయం జరిగేది అతనికొక్కడికే కాదు. బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు దక్కాల్సిన నిజం కూడా అదే ఫైల్లో పూడిపోతుంది.

నాసిక్ కేసు ఇంకా దగ్గర నుంచి చూడాల్సింది. 2003 జూన్‌లో ఒక రాత్రి తోటలో గుడిసె వేసుకున్న కుటుంబం మీద దుండగులు పడ్డారు. ఐదుగురిని చంపారు, స్త్రీల మీద అత్యాచారం చేశారు. ఆ ఇంటి ఇల్లాలు ప్రాణాలతో బయటపడింది. సంఘటన జరిగిన రెండు రోజులకే పోలీసులు పాత నేరస్థుల ఫోటోలున్న ఆల్బమ్ ఆమె ముందు పెట్టారు. ఆమె అందులో నలుగురిని వేలు పెట్టి చూపించింది. కేసు మొత్తంలో ఇంతకంటే తాజా సాక్ష్యం లేదు. ఏమైంది? ఆ నలుగురి జోలికి పోలేదు. ఆ తర్వాత సంచార జాతికి చెందిన ఆరుగురు నిరుపేదలను తెచ్చి నిలబెట్టారు. ఆమె వాళ్లనే గుర్తుపట్టిందన్నారు. హైకోర్టు ముగ్గురికి ఉరి ఉంచి, ముగ్గురికి యావజ్జీవానికి తగ్గిస్తే, 2009లో సుప్రీంకోర్టు ఆరుగురికీ ఉరి అంది. వాళ్లలో ఒకడు నేరం నాటికి మైనరని తర్వాత తేలింది. పదేళ్లకు అదే సుప్రీంకోర్టు రివ్యూలో ఫైలు మళ్లీ తిరగేసి, 2019 మార్చి 5న ఆరుగురినీ నిర్దోషులుగా వదిలింది. మనిషికి ఐదు లక్షల పరిహారం ఇవ్వమంది. ఆ ఆల్బమ్ సంగతి దాచిన అధికారుల మీద చర్య తీసుకోమంది.

2009 తీర్పుకీ 2019 తీర్పుకీ మధ్య కొత్త సాక్షి రాలేదు, డీఎన్ఏ పరీక్ష జరగలేదు. అదే రికార్డు, అవే కాగితాలు. చదివిన కళ్లు మారాయి, అంతే. నేరం ఎంత దారుణమో రాసిన పేజీలు మొదటిసారి చదివినవాళ్ల కళ్లకు అడ్డుపడ్డాయి. ఆ ఆల్బమ్ ఉన్న పేజీ ఆ వెనకే ఉండిపోయింది.

మన ఊళ్ల సంగతికి వద్దాం. 2007 డిసెంబరులో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ఒక లేడీస్ హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని అత్యాచారానికీ హత్యకీ గురైంది. నెలల తరబడి ఆ కేసు పత్రికల్లో మొదటి పేజీలో ఉంది. రాజకీయ నాయకుల బంధువుల పేర్లు వినిపించాయి, ధర్నాలు జరిగాయి. 2008 ఆగస్టులో పోలీసులు నందిగామ ప్రాంతపు పేద దళిత యువకుణ్ణి పట్టుకొచ్చి ఇతనే అన్నారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులే ఇతను కాదని మొత్తుకున్నారు. అయినా 2010లో యావజ్జీవం పడింది. 2017 మార్చి 31న హైదరాబాదు హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసి లక్ష రూపాయల పరిహారం ఇవ్వమంది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిపాక లక్ష రూపాయలు! ఆ తర్వాత కేసు సీబీఐకి వెళ్లింది.

ఆ యువకుడికి ఉరి పడలేదు, నిజమే. ఎందుకు పడలేదు? నేరం స్వభావం చూస్తే ఉరి అడగడానికి ఏ లోటూ లేదు. ఆ రోజు ఆ కోర్టులో ఆ న్యాయమూర్తి ఉరి వేయలేదు. ఇంకో కోర్టులో ఇంకో న్యాయమూర్తి వేసి ఉండవచ్చు. ఇది ఊహ కాదు. మన చట్టచరిత్రలో దీనికి నికార్సయిన ఉదాహరణ ఉంది.

లా విద్యార్థులు హర్బన్స్ సింగ్ కేసు తప్పక చదవాలి. ఉత్తరప్రదేశ్‌లో ఒకే కుటుంబానికి చెందిన నలుగురిని చంపిన కేసులో ముగ్గురికి ఉరి పడింది. ముగ్గురి పాత్ర ఒకటే, సాక్ష్యం ఒకటే. ముగ్గురూ వేర్వేరుగా సుప్రీంకోర్టుకి వెళ్లారు, వేర్వేరు బెంచీల ముందు పడ్డారు. జీతాసింగ్ పిటిషన్ 1976లో కొట్టేశారు. కశ్మీరాసింగ్ ఉరిని 1977లో మరో బెంచి యావజ్జీవంగా మార్చింది. హర్బన్స్ పిటిషన్ 1978లో కొట్టేశారు. 1981 అక్టోబరు 6న జీతాసింగ్‌ను ఉరి తీశారు. అదే రోజు ఉరికి వెళ్లాల్సిన హర్బన్స్, కశ్మీరాకి తగ్గించినప్పుడు నాకెందుకు తగ్గించరని చివరి గడియలో రిట్ వేయబట్టి బతికాడు. ఆ ముగ్గురిలో ఎవరు బతకాలి, ఎవరు చావాలి అన్నది నేరాన్ని బట్టి తేలలేదు. ఏ రోజు ఏ బెంచి ముందు కేసు వచ్చిందో దాన్ని బట్టి తేలింది.

అప్పటికి బచన్ సింగ్ తీర్పు వచ్చి ఏడాదే. 1980లో ఆ కేసులో రాజ్యాంగ ధర్మాసనం నలుగురు ఒకవైపు, ఒకరు ఒకవైపు తీర్పిచ్చింది. ఉరి రాజ్యాంగబద్ధమే, కానీ అరుదైనవాటిలోకెల్లా అరుదైన కేసుల్లోనే వేయాలి అని నలుగురన్నారు. విభేదించిన జస్టిస్ భగవతి 1982లో ఇచ్చిన తీర్పులో, ఈ కొలమానం న్యాయమూర్తి మనసుని బట్టి మారిపోతుందని హెచ్చరించారు. నలభై ఏళ్ల అనుభవం ఆయన పక్షానే నిలిచింది. 1996లో రావ్‌జీ కేసులో సుప్రీంకోర్టు, శిక్ష వేసేటప్పుడు నేరాన్ని చూస్తే చాలు, నేరస్థుణ్ణి చూడక్కర్లేదన్నట్టు తీర్పిచ్చింది. అదే ఏడాది అతన్ని ఉరి తీశారు. 2009లో సంతోష్ కుమార్ బరియార్ కేసులో అదే కోర్టు, రావ్‌జీ తీర్పు బచన్ సింగ్‌కి విరుద్ధం, చెల్లదు అంది. తీర్పు తప్పని తేలింది. మనిషి అప్పటికి పోయి పదమూడేళ్లు.

ఢిల్లీలోని నేషనల్ లా యూనివర్సిటీ 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 2000 నుంచి 2015 దాకా కింది కోర్టులు వేసిన ఉరిశిక్షల్లో పైకోర్టులన్నీ దాటి నిలిచినవి నూటికి ఐదు కూడా లేవు. దాదాపు ముప్పై శాతం కేసుల్లో ముద్దాయిలు పూర్తిగా నిర్దోషులుగా బయటపడ్డారు. ఉరి కంబం నీడలో ఉన్న ఖైదీల్లో నాలుగింట మూడొంతుల మంది పేదలు. చూశారా, పైకోర్టులు దిద్దుతున్నాయి కదా అని కొందరు సంతోషిస్తారు. నూటికి ముప్పై చోట్ల మొదటి అడుగే తప్పు పడే యంత్రం చివరి ఐదు చోట్ల మాత్రం తప్పు చేయదని ఎలా నమ్మాలి?

తప్పు ఎలా పుడుతుందో ఈ హాల్లో ఉన్న న్యాయవాదులకు నేను చెప్పనక్కర్లేదు. నేరం జరిగిన వారంలోగా ఎవరో ఒకరిని చూపించాలి. ఎస్పీ గారు ప్రెస్‌మీట్ పెట్టాలి. అనుమానితుల జాబితాలో పాత కేసులున్నవాడో, ఊరూరా తిరిగేవాడో, అడిగేవాడు లేనివాడో ముందు కనిపిస్తాడు. పోలీసుల ముందు ఒప్పుకోలు చెల్లదని చట్టం. కానీ ఆ ఒప్పుకోలులో 'చూపిస్తాను రండి' అన్న ముక్క మటుకు చెల్లుతుంది. కాబట్టి ఆ ముక్క ప్రతి కేసులోనూ ఉంటుంది. కత్తి పొదల్లో దొరుకుతుంది, మధ్యవర్తుల రిపోర్టు మీద వీఆర్వో సంతకం ఉంటుంది. ముద్దాయిని తెచ్చేసరికి బార్ అసోసియేషన్ ఎవరూ వకాల్తా వేయకూడదని తీర్మానం చేసి ఉంటుంది. అలాంటి తీర్మానాలు చెల్లవని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. అయినా 2019లో షాద్‌నగర్‌లో మన మిత్రులు అదే తీర్మానం చేశారు.

ఇక శిక్ష మీద వాదనలు. చట్టం ప్రకారం ఇది వేరే ఘట్టం. బచన్ సింగ్ తర్వాత ముద్దాయి బతుకు, చదువు, మానసిక స్థితి, మారే అవకాశం అన్నీ తూచాలి. మన సెషన్స్ కోర్టుల్లో చాలాసార్లు జరిగేది ఇది. పొద్దున దోషి అని చెబుతారు. భోజనం వేళ దాటాక జడ్జిగారు అడుగుతారు: "శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా?" బోనులో మనిషికి ప్రశ్న అర్థం కాదు. "నేనేం చేయలేదయ్యా. ముసలి తల్లి ఉంది," అంటాడు. అది రెండు లైన్లుగా రికార్డుకెక్కుతుంది. మనిషి ప్రాణం నిలవాలా పోవాలా అన్న విచారణ అక్కడికి అయిపోయింది. 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు, ముద్దాయి నేపథ్యం మీద నివేదికలు తెప్పించుకోవాలని చెప్పింది. ఆ మాట కింది కోర్టులకు ఇంకా పూర్తిగా దిగలేదు.

షాద్‌నగర్ పేరు వచ్చింది కనుక చటాన్‌పల్లి దాటి పోలేను. 2019 నవంబరులో ఒక పశువైద్యురాలి మీద అత్యాచారం, హత్య జరిగాయి. డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. మనవాళ్లు పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో బయటపెట్టిన నివేదికలో పోలీసుల కథనం నమ్మదగ్గది కాదంది, పదిమంది పోలీసుల మీద హత్య కేసు నడపాలంది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా తేల్చింది. కాల్పులు జరిగిన ఆ 2019 డిసెంబరులోనే ఆంధ్రప్రదేశ్ శాసనసభ 21 పనిదినాల్లో దర్యాప్తు, విచారణ ముగించి ఉరి వేసే బిల్లు తెచ్చింది. దానికి రాష్ట్రపతి ఆమోదం దక్కలేదు. నిఠారీలో పట్టుకున్న మనిషి మీద సాక్ష్యం నిలవదని తేలడానికి పంతొమ్మిదేళ్లు పట్టింది. నాసిక్‌లో పదహారేళ్లు. ఇరవై ఒక్క రోజుల్లో నిజం తేలుతుందని ఎవరైనా అంటే, తేల్చేది నిజాన్ని కాదని నా అనుమానం.

మన దేశంలో నిర్దోషిని ఉరి తీసినట్టు రుజువైందా అని కొందరు మిత్రులు అడుగుతారు. రుజువు చేసేదెవరు? చనిపోయినవాడి కట్ట విప్పేవాళ్లుండరు. ఇంగ్లండులో తిమోతీ ఎవాన్స్ అనే యువకుణ్ణి తన పాపను చంపాడని 1950లో ఉరి తీశారు. అతనికి వ్యతిరేకంగా ప్రధాన సాక్ష్యం చెప్పింది అదే ఇంట్లో కింది వాటాలో ఉండే క్రిస్టీ. మూడేళ్ల తర్వాత అదే ఇంట్లో గోడల వెనక, నేల కింద శవాలు దొరికి, క్రిస్టీయే వరుస హంతకుడని బయటపడింది. 1966లో ఎవాన్స్‌కి మరణానంతర క్షమాభిక్ష ఇచ్చారు. ఆ శవాలు దొరక్కపోతే ఎవాన్స్ నేటికీ పాపను చంపిన తండ్రిగానే మిగిలేవాడు.

మరో అభ్యంతరం ఇంతకంటే బలమైనది. అనుమానమే లేని కేసుల మాటేమిటి? 1993 మార్చిలో చిలకలూరిపేట దగ్గర బస్సుకి నిప్పుపెడితే 23 మంది సజీవదహనమయ్యారు. చేసిందెవరో సందేహం లేదు. ఇద్దరికి ఉరి పడింది, 1997లో ఉరికి ముందు రాత్రి స్టే వచ్చింది, 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ యావజ్జీవంగా మార్చారు. ఆ బస్సులో తమవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలకు ఆ నిర్ణయం మింగుడుపడి ఉండదు. వాళ్ల బాధ ముందు నా వాదన చిన్నబోతుందని నాకు తెలుసు. అయినా అంటున్నాను. చట్టంలో 'దోషి', 'నిస్సందేహంగా దోషి' అని రెండు తరగతులు లేవు. ఒకే కొలత. 2009లో నాసిక్ తీర్పు రాసినవారికి కూడా అణుమాత్రం సందేహం లేదు. సందేహం లేనివాళ్లను మాత్రమే ఉరి తీసే చట్టాన్ని ఇంతవరకు ఏ దేశమూ రాయలేకపోయింది. చిలకలూరిపేట దోషుల కోసం ఉరికంబం ఉంచితే, నాసిక్ నిర్దోషుల్ని కూడా దాని కిందికే తీసుకెళతాం.

ఉరి వద్దంటే వదిలేయమని కాదు. స్వామి శ్రద్ధానంద కేసులో 2008లో సుప్రీంకోర్టు మధ్యేమార్గం చూపింది: రెమిషన్ లేకుండా జీవితాంతం ఖైదు. సమాజానికి రక్షణ ఉంటుంది, తప్పు తేలితే తలుపు తీయడానికి తాళంచెవీ ఉంటుంది. 2015లో జస్టిస్ ఎ.పి. షా నాయకత్వంలోని లా కమిషన్ ఉగ్రవాదం, దేశం మీద యుద్ధం మినహా మిగిలిన నేరాలకు ఉరి రద్దు చేయమంది. 2018లో మరో నివేదికలో, అన్యాయంగా కేసుల్లో ఇరుక్కున్నవాళ్లకు పరిహారం ఇచ్చే చట్టం కావాలంది. ఆ రెండింటిలో ఏదీ కదల్లేదు. పైగా 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఉరి వేయగల నేరాల జాబితాను ఇంకా పెంచింది. పార్లమెంటు ఇప్పట్లో మన మాట వింటుందని నేను ఆశ పెట్టుకోలేదు.

పార్లమెంటు వినేదాకా ఆగక్కర్లేని పని ఒకటి మన చేతిలోనే ఉంది. ఈ రోజు నేను చెప్పిన కేసుల్లో నిర్దోషులు ఇరుక్కున్న చోటల్లా తప్పు పుట్టింది సుప్రీంకోర్టులో కాదు, దర్యాప్తులో, స్టేషన్లో. నాసిక్ ఆల్బమ్‌ను ముద్దాయిలు అరెస్టయిన వారంలోనే ఒక న్యాయవాది అడిగి కాపీ తీసుకుని ఉంటే ఆరుగురి పదహారేళ్లు మిగిలేవి. 22వ అధికరణం అరెస్టయిన ప్రతి మనిషికీ వకీలును పెట్టుకునే హక్కిచ్చింది. 2022 నుంచి జిల్లాల్లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ కార్యాలయాలు ఏర్పడుతున్నాయి. మీలో కొందరు వాటిలో చేరి ఉంటారు. ఊరంతా ఒక మనిషిని నరికేయమంటున్న రోజునే, టీవీ వ్యాన్లు కోర్టు గేటు ముందు ఉన్న రోజునే మీరు వెళ్లి వకాల్తా వేయండి. రిమాండ్ రిపోర్టు, గుర్తింపు కాగితాలు, పంచనామా అన్నీ ఆ వారంలోనే కోర్టు రికార్డుకెక్కేలా మెమో వేయండి. మీ క్లయింటు దోషి కావచ్చు, కాకపోవచ్చు. అది తేలడానికి ఎన్నేళ్లు పట్టినా, తేల్చడానికి కావలసిన కాగితం మీరు ఆ రోజు పట్టుకున్నదే అవుతుంది. మీ మీద రాళ్లు పడవచ్చు, పెళ్లిళ్లకు పిలవడం మానేయవచ్చు. వృత్తిలో ఉన్నందుకు అది కట్టాల్సిన రుసుమే.